కట్టె ఎవరి చేతిలో ఉంది

స్వర్ణ గీసిన మొదటి కార్టూన్‌లో కట్టె తండ్రి చేతిలో ఉంది. పత్రికలో అచ్చయ్యేసరికి అది తల్లి చేతిలోకి వచ్చింది.

రాష్ట్రం వచ్చిన రెండో ఏడాది. స్వర్ణకు ఇరవై రెండేళ్లు. కొత్తకోటకు ఆరు కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో, గొర్లు కాసుకుని బతికే ఇంట్లో పుట్టింది. తెల్లకాగితం మీద నల్లపెన్నుతో గీసి, జిల్లా కేంద్రం నుంచి వచ్చే ఒక వారపత్రికకు పంపింది. బొమ్మలో ఒక మగమనిషి గొర్లకట్టె ఎత్తి ఉన్నాడు. ఎదురుగా ఒక ఆడమనిషి చేతులతో తల కప్పుకుని కూర్చుంది. ఇద్దరి మధ్య పదేళ్ల పిల్ల పుస్తకం పట్టుకుని నిలబడి, ‘నాయినా, జర ఆగు, రేపు పరీక్ష ఉన్నది’ అంటోంది. అంతే.

వారం తర్వాత బస్టాండులో పత్రిక కొని తెరిచింది. కింద తన పేరే ఉంది. పైన ఉన్నది మాత్రం తన బొమ్మ కాదు. ఎవరో కంప్యూటర్ మీద గొర్లకట్టెను చెరిపేసి, దాన్ని అప్పడాల కర్రగా మార్చి ఆడమనిషి చేతికిచ్చారు. మగవాడి నెత్తి మీద బొప్పి, దాని చుట్టూ చుక్కలు. పిల్ల మాట తీసేసి, ‘కూరలో ఉప్పెక్కువైందని అన్నాడంతే!’ అని రాశారు.

ఆ పేజీ చూసే విజేందర్‌కు ఫోన్ చేసింది.

“నవ్వొచ్చిందా లేదా, గది చెప్పు చెల్లే,” అన్నాడాయన.

“నేను గట్ల గీయలే సార్.”

“మొగోడు గొడితే నవ్వెట్లొస్తది? అది వార్త. లోపలి పేజీల మూల మీద పడ్తది. ఆడది గొడితే జోకు. మనది జోకుల పేజీ. నీ గీత మంచిగున్నది, వారం వారం పంపు.”

స్వర్ణ “సరే సార్” అంది. ఆ సరే ఆరేళ్లు నడిచింది. ఇక తనే అలా తిరగేసి గీసి పంపేది.

ఇంతకూ వాళ్లింట్లో అప్పడాల కర్ర అనేదే లేదు. జొన్నరొట్టెను చేత్తో కొడతారు, కర్రతో పనేముంది? “ఎట్లుంటదో ఫోన్ల జూసి గీసిన,” అని ఇప్పుడు నవ్వుతూ చెబుతుంది. వాళ్లింట్లో ఉన్నది గొర్లకట్టె. ఆమె తండ్రి బీరప్ప ఆ కట్టెతో పొద్దంతా గొర్లను అదిలించేవాడే కానీ ఒక్క గొర్రెను కొట్టి ఎరగడు. ఇంటికొచ్చాక భార్య బక్కమ్మను కొట్టేవాడు. ఒకసారి కణత మీద పడిన దెబ్బకు బక్కమ్మ ఎడమ చెవి పోయింది. ఎవరైనా ఎడమ దిక్కు నుంచి పిలిస్తే ఇప్పటికీ పలకదు.

అచ్చయిన ఆ మొదటి బొమ్మను తల్లికి చూపించింది స్వర్ణ. అప్పటికి బీరప్ప పోయి ఏడాదైంది.

“గిదేందే, నీ నాయినను నేను గొట్టినట్టు గీసినవ్?”

“జోకమ్మా.”

బక్కమ్మ కాగితాన్ని దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. “మంచిగనే ఉన్నది. కొట్టకుండనే సచ్చిండు. కొట్టి సంపినా బాగుండు,” అని కిసుక్కున నవ్వింది. స్వర్ణ ఆరేళ్ల కార్టూన్లన్నిటికీ నిజంగా వచ్చిన నవ్వు అదొక్కటే.

ఎందుకు ఓర్చుకుందని అడగడం తేలిక. ఆ పేజీలో పేరు చూసే కొత్తకోటలోని ఒక ఫ్లెక్సీ షాపు ఓనరు ఆమెకు డిజైన్ పని ఇచ్చాడు. ఆలేరుకు ఇచ్చి చేసిన పెళ్లి రెండేళ్లకే విరిగి తిరిగొచ్చినప్పుడు, అన్న పరమేష్ గుమ్మంలోనే నిలబడి “ఇంటి మొఖం మీద పేడ గొట్టినవ్” అన్నప్పుడు, ఆ పనే ఆమెకు కొత్తకోటలో ఒక గది కిరాయికి ఇప్పించింది. తన అమ్మ తిన్న దెబ్బల్ని తిరగేసి గీసినందుకు వచ్చిన బతుకు అది. దాన్ని కాదనే ధైర్యం ఆ వయసులో ఎంతమందికి ఉంటుంది?

కరోనాలో ఆ పత్రిక మూతపడింది. కొన్నాళ్లు ఏమీ గీయలేదు. తర్వాత ఫోన్‌లో సొంతంగా ఒక పేజీ తెరిచి, ‘తొమ్మిదో తరగతి’ అని పేరు పెట్టింది. ఈసారి మధ్యలో ఎవరూ లేరు. కట్టె ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ల చేతిలోనే గీయొచ్చు.

ఆ బొమ్మలకు ఊపిరి పోసింది పరమేష్ బిడ్డ పూజ. కొత్తకోటలో హైస్కూలు. సాయంత్రం ఊరి బస్సు వచ్చేదాకా మేనత్త పనిచేసే షాపులో కూర్చునేది. నోరు ఒక్క నిమిషం ఊరుకునేది కాదు. తోటి పిల్లలు ఏమన్నారు, సార్లు ఏమన్నారు, తమ్ముడికి గుడ్డు వేసి తనకు పులుసే ఎందుకు పోశారు, అన్నీ చెప్పేది. చెబుతూ చెబుతూ కంప్యూటర్‌లోకి తొంగి చూసేది.

“అత్తా, నా ముక్కు గంత పెద్దగున్నదా?”

“నీది గాదే. గా పిల్లది.”

“గా పిల్ల పేరేంది?”

“హారతి.”

“నేను పూజ, అది హారతి. ఇగ ఎవనికి తెల్వదనుకున్నవా? గుళ్లె గంట గూడ కొట్టు, అయిపోతది.”

స్వర్ణ నవ్వి, పిల్ల పేరు సంధ్య అని మార్చింది.

ఆ బొమ్మల్లో కొన్ని ఇప్పటికీ జనం ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఒకదాంట్లో, పిల్ల పెద్దమనిషి అయిన నాటి నుంచి తండ్రి బిడ్డతో నేరుగా మాట్లాడడు. ఎదురుగా ఉన్నా, “నీ బిడ్డకు చెప్పు, వాకిట్ల నిలవడొద్దని” అంటాడు తల్లితో. ఇంకోదాంట్లో ఇంట్లో ఉన్నది అరచేతంత అద్దం ఒక్కటే. పిల్ల తనను ముక్కలు ముక్కలుగా చూసుకుంటుంది. ఒకసారి కన్ను, ఒకసారి మొటిమ, ఒకసారి ఒక్క చెవి. ఆఖరి గడిలో బస్సు అద్దంలో మొదటిసారి నిండుగా కనబడితే ‘గీమె ఎవరు?’ అనుకుంటుంది.

ఆడపిల్ల వయసును గీయాలంటే మొహం కాదు, భుజాలు చూడాలంటుంది స్వర్ణ. “పదేండ్లప్పుడు భుజాలు ఎనకకుంటయి. పదమూడు రాంగనే ముంగటికొస్తయి. ఎవరో మడతవెట్టినట్టు. మళ్ల ఆ మడత ఇప్పుకోనీకె కొందరికి నలభయ్యేండ్లు పడ్తది. మా అమ్మది ఇప్పటికీ ఇప్పుకోలే.”

దెబ్బను గీయడం గురించి కూడా ఆమెకొక పట్టుదల ఉంది. దెబ్బ పడుతున్నట్టు ఎప్పుడూ గీయదు. “నెత్తి చుట్టు చుక్కలు గీసినవనుకో, గా దెబ్బకు నొప్పుండదు. ఆరేండ్లు గదే జేసిన. చెయ్యి లేసినంక, ఇంక పడకముందు, ఇంట్ల ఒక చప్పుడుంటది. అందరు ఊపిరి బిగవట్టిన చప్పుడు. గది గీయాలె. పిల్లలకు గా చప్పుడు తెలుసు. ఏ ఇంట్ల పిల్లనైన అడుగు.”

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఆ చప్పుడు పరమేష్ ఇంట్లో లేచింది. పూజ అప్పుడు పదో తరగతి. బడిలో వీడ్కోలు రోజున పన్నెండు మంది పిల్లలు కలిసి ఫోటో దిగారు. పక్కన నిలబడ్డ పిల్లవాడి చెయ్యి పూజ భుజం మీద ఉంది. ఎవరో దాన్ని స్టేటస్ పెట్టుకున్నారు. అది తిరిగి తిరిగి పరమేష్ ఫోన్‌లోకి వచ్చింది. పరమేష్ గోడకు ఆనించిన గొర్లకట్టె తీసుకున్నాడు. వాకిట్లోంచి మొదలుపెట్టి లోపల వడ్ల గుమ్మి దాకా కొట్టుకుంటూ తీసుకుపోయాడు. తల్లి నాగరాణి ఆపలేదు. తలుపు దగ్గరికేసి, వాడకట్టుకు కనబడకుండా దానికి వీపు ఆనించి నిలబడింది.

రెండు రోజుల తర్వాత పూజ నిండు చేతుల స్వెట్టర్ తొడుక్కుని షాపుకొచ్చింది. బయట ఎండ మండుతోంది.

“తియ్యే, ఉడుకపోస్తలేదా?” అంది స్వర్ణ.

తీసింది. మోచేతుల దాకా నల్లటి వాతలు.

“ఎవ్వలకు చెప్పకు అత్తా. చెప్తె బడి బంద్ జేస్తడు. నెలైతే పరీక్షలు. గవి రాసినంక ఏమన్న జేసుకోనీ.”

స్వర్ణ చెప్పనని మాటిచ్చింది. “గీసుకోనా?” అని అడిగింది.

పూజ స్వెట్టర్ మళ్లీ తొడుక్కుంది. “గీయి. నేనని తెల్వద్దు.”

“తెల్వది.”

పోలీసులకు చెప్పాల్సింది, బడిలో చెప్పాల్సింది, పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాల్సింది. అవేవీ చేయకుండా బొమ్మ గీయడం తప్పేనని స్వర్ణే ఒప్పుకుంటుంది. కానీ పదో తరగతి పోతే ఆ పిల్లకు ఇంకేదీ మిగలదని కూడా ఆమెకు తెలుసు. తనకు తెలిసిన పని అదొక్కటే, అది చేసింది. వీలైనంత జాగ్రత్తగా చేసింది. రేకుల ఇంటిని స్లాబు ఇల్లు చేసింది. తండ్రికి మీసం తీసేసి, లుంగీ తీసి ప్యాంటు తొడిగింది. బక్కపల్చటి పిల్లను బొద్దుగా గీసింది. తలుపుకు వీపు ఆనించిన తల్లికి అద్దాలు పెట్టింది. వాకిట్లో మూలకు జాగా ఖాళీగా కనిపిస్తే రెండు గొర్లను వేసింది. వాటి మెడ చుట్టూ ఎర్రటి పట్టీ, కుడి తొడ మీద రెండు నీలి గీతలు. అలాగే తన పేజీలో పెట్టింది.

ఆ గీతలు తాను వేసినట్టు ఆమెకు గుర్తే లేదు.

గొర్లు కాసే ఇళ్లలో ఇంటింటికీ ఒక గుర్తుంటుంది. బీళ్లల్లో మందలు కలిసిపోతే, సంతలో తప్పిపోతే ఆ గుర్తును బట్టే విడదీస్తారు. బీరప్ప ఇంటి గుర్తు మెడకు జాజు, అంటే ఎర్రమన్ను, పట్టీ, తొడకు రెండు నీలిమందు గీతలు. స్వర్ణ ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు బీరప్ప ఆమె చేతికి జాజు డబ్బా ఇచ్చి, గొర్రెను తన కాళ్ల మధ్య ఇరికించి పట్టుకుని, ‘గియ్యి బిడ్డా’ అనేవాడు. ఆమె జీవితంలో మొట్టమొదట గీసిన గీత అది. పదిహేనేళ్లు ప్రతి ఏడాదీ వందల గొర్ల మీద గీసింది. గొర్రె బొమ్మ వేస్తే ఆ గీతలు వాటంతటవే పడతాయి, మన సంతకం పడ్డట్టు. పట్నంలో పుట్టిన కార్టూనిస్టు ఈ పొరపాటు చేయలేడు. పట్నంలో చూసిన వేలమందిలో ఎవరికీ అది కనపడనూ లేదు.

పెబ్బేరు సంతలో కనపడింది. గొర్ల కాపరులు పేపరు చదవకపోవచ్చు. గుర్తును మాత్రం మైలు దూరం నుంచి చదువుతారు. బొమ్మ పెట్టిన తర్వాతి శనివారం పరమేష్ ఎనిమిది పొట్టేళ్లను అమ్మడానికి తోలుకుపోయాడు. పక్క ఊరి కాపరి ఒకడు బీడీ ముట్టించుకుంటూ అందుకున్నాడు.

“ఏం పరమేషన్నా, నీ గొర్లకు మస్తు పేరొచ్చింది. ఫోన్లల్ల ఎక్కినయట!”

“ఏం ఫోన్లురా?”

కుర్రవాడొకడు తెరిచి చూపించాడు. “గీ జాజు పట్టీ నీదే. గీ రెండు నీలిగీతలు నీయే. మరి గీ కట్టె వట్టినోడు ఎవడన్నా?”

“మీసం తీయించుకున్నడు గని మనిషి గాయినే,” అన్నాడు ఇంకొకడు.

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. బిడ్డను కొట్టాడని కాదు వాళ్ల నవ్వు. దొరికిపోయాడని. వాళ్లలో ఒక్కడైనా “ఎందుకు కొట్టినవ్ర?” అని అడిగి ఉంటే ఆ మధ్యాహ్నం ఇంకోలా గడిచేదేమో. అడగలేదు. పరమేష్ పొట్టేళ్లను అమ్మకుండానే, వేరేవాళ్లకు అప్పజెప్పి బండెక్కాడు.

అప్పుడు పూజ గుమ్మి పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఈసారి వాకిట్లోంచి మొదలుపెట్టలేదు. లోపలే మొదలైంది. కట్టె విరిగింది. విరిగిన ముక్కతో కొట్టాడు. అది కూడా చేతిలోంచి జారితే కాలితో తన్నాడు. “ఎవలకు జెప్పినవ్? ఎవలకు జెప్పినవ్?” అన్న మాట వాడకట్టంతా వినబడింది. పూజ జుట్టు పట్టి తలను గుమ్మికేసి కొట్టిన చప్పుడు కూడా వినబడింది. నాగరాణి వీపు తలుపుకే ఉంది.

ఎదురింటి యాదమ్మ ఒంటరి ముసలమ్మ. ఇది రాయడానికి వెళ్లి అడిగితే ఇలా చెప్పింది: “మొదాల అరిసింది. పక్షి లెక్క అరిసింది. తర్వాత అర్వలే. అర్వకపోతేనే మాకు ఇంక భయమైంది.”

“భయమైతే పోయినరా అవ్వా?”

“పోలే,” అంది యాదమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పరమేష్ అక్కడి నుంచి తిన్నగా కొత్తకోట వచ్చాడు. స్వర్ణ కంప్యూటర్ ముందు ఎవరిదో ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ చేస్తోంది. నడుమ పట్టులంగాలో పిల్ల, రెండు దిక్కులా దండం పెడుతున్న తండ్రి, బాబాయిలు. షాపులో ఓనరు ఉన్నాడు, ఇద్దరు గిరాకీలు ఉన్నారు. పరమేష్ చెల్లెలి జుట్టు పట్టి కుర్చీలోంచి లాగాడు. ఫ్లెక్సీకి ఇనుప రింగులు కొట్టే దిమ్మె మీద ఆమె కుడిచెయ్యి పెట్టి, మోకాలితో తొక్కిపట్టి, అక్కడే ఉన్న సుత్తె అందుకున్నాడు. మూడు దెబ్బలు. రెండో దెబ్బకే చూపుడు వేలు చిట్లి ఎముక తెల్లగా బయటపడింది.

“ఇంటి గుర్తును బజార్ల వెడ్తవా? నాయిన గుర్తును?” అన్నాడు.

ఒక్కసారి కూడా ‘అబద్ధం గీసినవ్’ అనలేదు.

“ఇగ గియ్యి. ఇంటి కాడ గూడ ఒకటి పడున్నది. పోయి దాని బొమ్మ గూడ గియ్యి,” అని సుత్తెను విసిరేసి వెళ్లిపోయాడు.

ఆ మాటతో స్వర్ణ లేచింది. గిరాకీలు అప్పటికే లేరు. ఓనరు “ముందుగాల దవాఖానకు పో” అంటున్నాడు. వినలేదు. చేతికి చున్నీ చుట్టుకుని రోడ్డు మీదికొచ్చి, కనబడ్డ ఆటో ఎక్కి ఊరి పేరు చెప్పింది. దారంతా ఆటో అడుగున రక్తం కారుతూనే ఉంది. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి వేగం పెంచాడు.

వాడకట్టులో ప్రతి గుమ్మంలో మనుషులున్నారు. అందరూ ఆ ఇంటి దిక్కే చూస్తున్నారు. ఎవరూ తమ గడప దిగలేదు. నాగరాణి తలుపు ముందు నిలబడి ఉంది.

“లోపలికి రాకు స్వర్ణ. ఆయినొస్తే నన్ను సంపుతడు.”

“పిల్లేది వదినె?”

“పండుకున్నది. నిద్రవోతాంది.”

“నీ కొంగుకు గా నెత్తురేంది?”

నాగరాణి తల వంచి కొంగు చూసుకుంది. మొదటిసారి చూసినట్టు చూసుకుంది. తర్వాత తలుపు ముందు నుంచి పక్కకు జరిగింది.

గుమ్మికీ గోడకూ మధ్య సందులో పూజ ముడుచుకుని పడి ఉంది. తల కింద లెక్కల నోటుబుక్కు తడిసి ఎర్రగా అయింది. ఊపిరి ఉంది. స్వర్ణ ఒంటిచేత్తో లేపలేకపోయింది. బయటికొచ్చి, “ఎవలన్న ఒక్కలు రాండ్రి” అని అరిచింది. గుమ్మాల్లోని మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యాదమ్మ ఒక్కతే గడప దిగి వచ్చింది. ఆమె కాళ్లు పట్టుకుంటే, ఆటో డ్రైవరు భుజాలు పట్టుకున్నాడు. నాగరాణి కూడా ఏడుస్తూ ఆటో ఎక్కింది.

పూజకు మెడ కింది ఎముక విరిగింది. రెండు పక్కటెముకలు విరిగాయి. తలకు తొమ్మిది కుట్లు. దవాఖానలో స్వర్ణ చేతికి ఎక్స్‌రే తీయించుకోవడానికి వేరే గదికి పోయిన సమయంలోనే పోలీసాయన వచ్చి పూజ మాట రాసుకున్నాడు. మంచం పక్కన తల్లి కూర్చుని ఉంది. బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి, “దొడ్డిగోడ మీదికెల్లి పడ్డది సార్, గదే గదా బిడ్డా?” అంది. పూజ తల ఊపింది. ఆయన అదే రాసుకుని వెళ్లాడు.

మూడో రోజు నాగరాణి గొర్లను చూసుకోవాలని ఇంటికి పోయింది. ఆమె బస్సెక్కిందని తెలిశాక పూజ నోరు తెరిచింది. జరిగిందంతా చెప్పింది. మళ్లీ రాయించింది. కేసయింది. పరమేష్‌ను పట్టుకున్నారు, పన్నెండు రోజులకు బెయిలు మీద వచ్చాడు. స్వర్ణ చెయ్యి సంగతి అడిగితే ఓనరు, మిషన్ మీద పని చేస్తుంటే దెబ్బ తగిలిందేమో, తాను చూడలేదన్నాడు. గిరాకీల పేర్లు కూడా గుర్తు లేవన్నాడు. బాలల సంక్షేమ సమితి వాళ్లు విచారించి, ఇప్పటికి పూజను మేనత్త దగ్గర ఉండనిచ్చారు.

మార్చి పరీక్షలు పోయాయి. పూజ జూన్ సప్లిమెంటరీలో రాసి పాసయింది. లెక్కల్లో ఎనభై రెండు.

స్వర్ణ చూపుడు వేలు ఇక వంగదు. పెన్నును బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య ఇరికించి గీస్తోంది. గీత వంకరపోతే మళ్లీ గీస్తుంది. వారానికి ఒక బొమ్మ రావడం గగనమైంది. అంతకన్నా ఎక్కువగా ఆమెను తిన్నది వేరే. “నా చెయ్యే పట్టిచ్చింది. గా రెండు గీతలు ఎయ్యకపోతే పిల్ల మంచిగుండు,” అని చాలా రోజులు కుమిలింది. చివరికి పూజకు విసుగొచ్చింది.

“నువ్వు గుర్తెయ్యకపోతే కొట్టకపోవునా అత్తా? గంతకుముందు గూడ కొట్టిండు గద, గప్పుడు ఏ గుర్తు జూసి కొట్టిండు?”

తప్పు గొర్రె మీది గీతది కాదని ఇన్ని మాటలు రాసి చెప్పాల్సింది ఆ పిల్ల ఒక్క మాటతో చెప్పేసింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అయిపోలేదు. బిడ్డను తనకు అప్పజెప్పాలని పరమేష్ సమితికి దరఖాస్తు పెట్టుకున్నాడు. మొదట చెప్పిందే నిజమనీ, గోడ మీది నుంచి పడ్డదనీ, రెండో మాట మేనత్త నేర్పి చెప్పించిందనీ అతని వకీలు అంటున్నాడు. తల్లి కూడా అదే చెబుతోంది. ఎక్స్‌రేలు ఎముకలు విరిగాయని చెబుతాయి, ఎవరు విరిచారో చెప్పవంటాడు వకీలు. ఊరి పెద్దలు నలుగురు స్వర్ణ గదికి వచ్చి, “తండ్రి కొట్టకపోతే ఎవడు కొడ్తడమ్మా? పిల్లను ఇంటికి దోలు, అచ్చంపేట దిక్కు సంబంధం గూడ జూసిన్రు” అని చెప్పి, చాయ్ తాగి పోయారు. పూజకు ఇంకా పదహారే. వాళ్లు కూర్చున్నంతసేపూ బాత్రూంలో గొళ్లెం పెట్టుకుని నిలబడింది.

ఆ వాడకట్టులో పదకొండు ఇళ్లు. ఆ మధ్యాహ్నం అన్ని ఇళ్లలోనూ మనుషులున్నారు. సాక్ష్యం చెప్పమని ఇంటింటికీ తిరిగి అడిగితే వచ్చిన జవాబులివి. “టీవీ పెద్దగ వెట్టుకున్నం, ఇనవళ్లే.” “చేను కాడున్నం.” ఆ రోజు వాళ్ల చేను దిక్కు ఎవరూ పోలేదని వాళ్ల పిల్లలే చెప్పారు. “ఇయ్యాల మేం జెప్తె, రేపు మా గొర్లు ఆయిన చెల్క మీదికెల్లి ఎట్ల వోవాలె?” “తండ్రీబిడ్డల నడుమ మనమెందుకు సార్?”

యాదమ్మ ఒక్కతే ఒప్పుకుంది. ఆమెకు గొర్లు లేవు, చేను లేదు. “నేను జెప్త. గప్పుడు పోలే, గిప్పుడన్న పోత. కని ముసల్దాన్ని. కండ్లు ఆనవు, చెవులు ఇనవడవు అంటరు ఆ వకీలుసారు. జర ఇంకొకలు తోడుంటే నా మాట నిలవడ్తది.”

అడుగుతున్నది అదే. ఆ పదకొండు ఇళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, లేదా చదివి వినిపించే కొడుకో కోడలో ఇంట్లో ఉంటే, మీరు విన్నది విన్నట్టు చెప్పడానికి రండి. ఫ్లెక్సీ షాపులో ఆ పూట ఉన్న ఇద్దరూ రండి. మీ పేర్లు ఓనరుకు గుర్తు లేకపోవచ్చు, మీకు గుర్తుంటాయి. మేం ఆ ఊరివాళ్లం కాదనుకునే మిగతావాళ్లకు కూడా పని ఉంది. మీ పక్కింట్లో పిల్ల అరిచినప్పుడు టీవీ గొంతు తగ్గించండి. లేచి వెళ్లి తలుపు కొట్టండి. చక్కెర కావాలనండి, నీళ్ల బోరు వచ్చిందా అనండి, ఏదో ఒకటి అడగండి. తలుపు తెరవకపోతే 1098కు ఫోన్ చేయండి, మీ పేరుతో చేయండి. బడిలో పంతుళ్లు ఎండాకాలం నిండు చేతులు తొడుక్కొచ్చిన పిల్లను ఒక్కసారి పక్కకు పిలిచి అడగండి. పత్రికల్లో పేజీలు చూసేవాళ్లు, మీకు వచ్చిన బొమ్మలో కట్టె ఎవరి చేతిలో ఉంటే వాళ్ల చేతిలోనే ఉంచండి.

వచ్చే నెల పదకొండో తేదీన, ఉదయం పదిన్నరకు జిల్లా కేంద్రంలో సమితి కూర్చుంటుంది. పూజ ఎక్కడ ఉండాలో ఆ రోజు తేలుతుంది. ఊరి స్టేజీ దగ్గర ఎనిమిది గంటలకు బస్సుంది. యాదమ్మ ఏడున్నరకే వచ్చి నిలబడతానంది. ఆమెను ఒక్కదాన్నే బస్సెక్కనివ్వకండి.